పొగకు దారి ఉందా? గేజ్ చెబుతుంది

రేజ్ చేస్తే ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం లాగదు. ఊళ్లో తిరిగినంతసేపూ బాగానే ఉంటుంది. హైవే ఎక్కి లారీని దాటబోతే పికప్ రాదు. మైలేజీ పడిపోతుంది. ఇలాంటి కారు షెడ్డుకొస్తే ముందు ప్లగ్గులు మారతాయి, తర్వాత ఎయిర్ ఫిల్టరు, ఆ తర్వాత ఫ్యూయల్ పంపు. బిల్లు పెరుగుతుంది, జబ్బు అలాగే ఉంటుంది. లోపలికి వెళ్లే గాలి గురించి, పెట్రోలు గురించి ఇంత ఆరా తీసేవాళ్లు బయటికి పోవలసిన పొగకు దారి ఉందో లేదో మాత్రం చూడరు. అది చూడటానికి చవకైన పరీక్ష ఒకటుంది.

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో నాలుగో స్ట్రోక్ పనంతా కాలిన వాయువుల్ని గెంటెయ్యడమే. వాల్వు తెరుచుకోగానే కొంత తన ఒత్తిడికి తానే బయటికి దూకుతుంది, మిగతాది పిస్టన్ పైకొస్తూ నెడుతుంది. దారిలో అడ్డుంటే ఎక్కువ బలంతో నెట్టాలి. ఆ బలం చక్రాలకు అందాల్సిన దాంట్లోంచే పోతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది: బయటికి పోని పొగ సిలిండర్‌లో మిగిలిపోయి తాజా గాలికి చోటు లేకుండా చేస్తుంది. గాలి తగ్గితే శక్తీ తగ్గుతుంది. ఈ ఎదురు ఒత్తిడినే మెకానిక్కులు బ్యాక్ ప్రెషర్ అంటారు.

కొలవడం ఇలా. పెట్రోల్ కారులో క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందు ఒక ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. దాన్ని విప్పి, ఆ రంధ్రంలో అడాప్టర్ బిగించి, తక్కువ ఒత్తిడి చూపే గేజ్ తగిలిస్తారు. టైర్ల గేజ్ ఇక్కడ పనికిరాదు. మంచికీ చెడుకీ తేడా ఒకటి రెండు పీఎస్ఐలలోనే ఉంటుంది కాబట్టి 0 నుంచి 15 పీఎస్ఐ చూపేది కావాలి. మధ్యలో మూరెడు రాగి గొట్టం పెడితే వేడి గేజ్ దాకా రాదు. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఐడిల్‌లో ముల్లు సుమారు 1.25 పీఎస్ఐ దాటకూడదు. 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే 3 లోపు నిలవాలి. ఇవి షెడ్లలో వాడే గుర్తులు. కంపెనీ మాన్యువల్ వేరే అంకె ఇస్తే దాన్నే నమ్మాలి.

వాయుప్రవాహం రెట్టింపైతే ఈ ఒత్తిడి దాదాపు నాలుగు రెట్లవుతుంది. ఐడిల్‌లో ఏ దోషమూ కనిపించని కారు ఘాట్ రోడ్డెక్కగానే చతికిలబడేది ఇందుకే. నిలబెట్టి రేజ్ చేసినప్పుడు ఇంజిన్ మీద బరువుండదు, వచ్చే పొగా తక్కువే. అనుమానం తీరకపోతే ప్రెషర్ సెన్సర్ తగిలించి రోడ్డు మీదే పరీక్షించాలి. అప్పుడు అంకెలు పెరగడం సహజం, పై హద్దులు వాటికి వర్తించవు.

సెన్సర్ తుప్పుపట్టి ఊడిరాకపోతే? పాత మెకానిక్కుల వ్యాక్యూమ్ గేజ్ ఉంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు తగిలిస్తే, సముద్రమట్టంలో ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ ఐడిల్‌లో 18 నుంచి 22 అంగుళాలు చూపుతుంది. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ ఒక అంగుళం తగ్గుతుంది కాబట్టి విశాఖలో 20 చూపిన కారు హైదరాబాద్‌లో 18 చూపితే కంగారు పడనక్కర్లేదు. 2,500 దగ్గర పట్టి ఉంచినప్పుడు ముల్లు నిలకడగా ఉందా, మెల్లమెల్లగా దిగజారుతోందా అన్నదే చూడాలి. దిగజారితే పొగ వెనక్కి తంతోందన్నమాట.

అడ్డు ఎక్కడుందో తేల్చడానికి కన్వర్టర్ తర్వాతి సెన్సర్ రంధ్రంలోనూ కొలుస్తారు. ముందు ఎక్కువ, వెనక తక్కువ ఉంటే దోషం కన్వర్టర్‌దే. రెండు చోట్లా ఎక్కువుంటే మఫ్లర్‌లోని రేకు ఊడి అడ్డంపడి ఉండవచ్చు, లేదా రెండు పొరల గొట్టంలో లోపలి పొర కుంగి ఉండవచ్చు. పైకి చూస్తే గొట్టం నిక్షేపంలా ఉంటుంది.

మన దేశంలో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోల్ కార్లకు 1995 ఏప్రిల్‌లో కన్వర్టర్ తప్పనిసరి అయింది. దాని లోపల తేనెపట్టులాంటి సిరామిక్ దిమ్మ ఉంటుంది. ఒక సిలిండర్ సరిగా మండకపోతే కాలని పెట్రోలు ఇక్కడికొచ్చి మండుతుంది, ఆ వేడికి దిమ్మ కరిగి గడ్డకడుతుంది. కొందరు దాన్ని పొడిచి ఖాళీ డబ్బా చేసి పంపుతారు. బండి లాగుతుంది, నిజమే. కానీ కార్బన్ మోనాక్సైడ్ నేరుగా వీధిలోకి పోతుంది, మిస్‌ఫైర్ ఉన్నచోటే ఉంటుంది. ముందు మిస్‌ఫైర్ సరిచెయ్యాలి, తర్వాత కన్వర్టర్ మార్చాలి, చివర మళ్లీ గేజ్ తగిలించి చూడాలి.

‘ఇంజిన్‌కు కొంత బ్యాక్ ప్రెషర్ ఉండాలి’ అనే మాట షెడ్లలో ఇప్పటికీ గట్టిగా నడుస్తోంది. ఇంజిన్‌కు కావలసింది ఎదురు ఒత్తిడి కాదు, వాయువుకు వేగం. మరీ లావు గొట్టం వేస్తే తక్కువ ఆర్‌పీఎంలో వాయువు మందగించి, పక్కనున్న పొగను వెంట లాక్కుపోయే గుణం పోతుంది. శక్తి తగ్గడం అందువల్లే. ఈ నమ్మకం వెనక బహుశా టూ స్ట్రోక్ బైకుల అనుభవం కూడా ఉంది. ఆర్ఎక్స్ 100 సైలెన్సర్ కెలికి పికప్ పోగొట్టుకున్న కుర్రాళ్లు తక్కువేం కాదు. అక్కడ పోయింది ఒత్తిడి తరంగాల లెక్క. తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ ఆ లెక్కను ఎంత నేర్పుగా కట్టాడంటే, శంఖాకారపు గొట్టం ముందు పొగను లాగి, పోర్టు మూసుకునే ముందు క్షణంలో బయటికొచ్చిన తాజా మిశ్రమాన్ని తిరిగి సిలిండర్‌లోకి నెట్టేది. 1961 నాటికి 125 సీసీ నుంచి 25 హార్స్‌పవర్ రాబట్టాడు. అదే ఏడాది అతని రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ ఆ విద్యతో సుజుకీకి వెళ్లిపోయాడు. 1962లో 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకీది.

2020 ఏప్రిల్ 1న బీఎస్6 వచ్చాక డీజిల్ కార్లలో ఈ కొలత నిత్యకృత్యమైంది. మసి పట్టే ఫిల్టర్‌కు ముందూ వెనకా రెండు సన్నని గొట్టాలు, వాటి మధ్య ఒత్తిడి తేడా చూసే సెన్సర్ ఉంటాయి. మసి పేరుకుందని తేలితే కంప్యూటర్ పొగను సుమారు 600 డిగ్రీలకు వేడెక్కించి దాన్ని కాల్చేస్తుంది. ఆ గొట్టాల్లో ఒకటి చిట్లినా, మూసుకుపోయినా లెక్క తప్పుతుంది, డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. ఖరీదైన ఫిల్టర్ మార్చమని చెప్పేముందు, తెలిసిన మెకానిక్ ఆ రెండు గొట్టాల్ని చేత్తో తడిమి చూసి, గేజ్ తగిలించి, సెన్సర్ అంకెతో సరిపోల్చుకుంటాడు.