ఏజెన్సీ ఎవరికి ఏజెంటు?

మా ఊళ్లో మాలపేట పేరు మార్చి కాలనీ అన్నారు. అందుకే 1854లో లండన్‌లో కాలనీల పాలనకని విడిగా ఒక శాఖ పెట్టారని ఎం.ఏ.లో చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. (నవ్వాల్సిన విషయం కాదనుకోండి.) 1858లో ఇండియాకి మరో శాఖ పెట్టారు. మన కొండల్లోని సవరలకు, జాతాపులకు మాత్రం అలాంటి ఏర్పాటు అంతకు ముందే జరిగిపోయింది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు అప్పటికి లేవు. ఈ కొండలు గంజాం, విశాఖపట్నం జిల్లాలవి. 1830ల్లో పర్లాకిమిడి, పాలకొండ వైపు తిరుగుబాట్లు లేచాయి. అణచడానికొచ్చిన జార్జి రస్సెల్ సిఫారసు మీద 1839లో 24వ చట్టం చేశారు. కొండ జమీన్లలో మామూలు కోర్టులు, మామూలు చట్టాలు చెల్లవు. కలెక్టరే గవర్నరు ఏజెంటు. శిస్తు వసూలు చేసేదీ, తగువు తీర్చేదీ, శిక్ష వేసేదీ ఆయనే. ఇక్కడి 'ఏజెన్సీ' అన్న మాట ఆ ఏజెంటు నుంచి వచ్చిందే. జనానికి ఏజెంటు కాదు, గవర్నరుకి. మనమేమో అదేదో అడవి పేరన్నట్టు వాడేస్తున్నాం.

తర్వాత పేర్లు మారేయి. 1874లో షెడ్యూల్డు జిల్లాలు, 1919 చట్టంలో వెనుకబడిన ప్రాంతాలు, 1935లో పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు. రాజ్యాంగం ఐదో షెడ్యూలు గిరిజన సలహా మండలిని తెచ్చింది, నిజమే. మండలి చెప్పేది సలహా. రెగ్యులేషన్ చేసేది గవర్నరు.

రక్షణ కోసమే కదా అని మనలోనే కొందరంటారు. ఆ రక్షణ ఎలా నడిచిందో చూద్దాం. భూమి చేజారకుండా 1917లోనే చట్టం ఉంది. 1959లో ఒకటో రెగ్యులేషన్ వచ్చింది. దాని అమలుకి నిబంధనలు రాసింది 1969లో. పదేళ్లు! ఈ మధ్యలోనే, 1967 అక్టోబరు 31న, మొండెంఖల్లు సభకు పోతున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. గిరిజనేతరులు తమలో తాము అమ్ముకోవడాన్ని కూడా ఆపిన సవరణ 1970లో వచ్చింది, కొండల్లో పోరాటం నడుస్తుండగా. శాఖని కదిపింది ఎవరో తారీఖులే చెప్తున్నాయి.

ఆ చట్టం లెక్కలో ఏజెన్సీలో బతికే దళిత కూలీ కూడా గిరిజనేతరుడే. ఇది మనల్ని ఇబ్బంది పెట్టే సంగతి, దాచుకోనక్కర్లేదు. కానీ మన ఇబ్బందిని చూపించి షావుకార్లు 1/70 ఎత్తేయమంటే, వాళ్ల వెనకాల మనం నిలబడతామా? మనం భూమి అడగాల్సింది మైదానంలోని భూస్వామిని. సవరోడి పోడుని కాదు.

ఇంకో చిత్రం, గీత. మందస, మెళియాపుట్టి వైపు సవర ఊళ్లు దశాబ్దాలుగా షెడ్యూలు బయటే ఉండిపోయాయి. షెడ్యూలులో లేని ఊరికి 1/70 లేదు, గ్రామసభకు అధికారమిచ్చిన 1996 పీసా చట్టమూ లేదు. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడినప్పుడు సీతంపేట ఐ.టి.డి.ఏ. కూడా అటే పోయింది. దాంతో కొత్త ఆఫీసు కావాలన్న మాట లేచింది. ఆఫీసు తర్వాత సంగతి. ముందు ఆ ఊళ్లు షెడ్యూలులోకి ఎక్కాలి, వాటి భూమి మీద మాట వాటి గ్రామసభదే కావాలి. ఏటి, ఇంకో ఏజెంటు వస్తే సరిపోతాదా?