పప్పు చూసి నూనె కొనాలి

గానుగ నూనె కొట్లు ఇప్పుడు పట్నాల్లో వీధికొకటి వెలిశాయి. బోర్డు మీద ఎద్దు బొమ్మ ఉంటుంది, లోపల రోకలిని తిప్పేది కరెంటు మోటారు. అందులో తప్పేమీ లేదు, ఎద్దుకు చాకిరీ తప్పింది. నా అభ్యంతరమల్లా, నూనె మంచిచెడ్డలన్నీ రోకలి చెక్కదా, మర ఇనుపదా అన్నదాని మీదే తేల్చేయడం. ఇనుప మరలో వేడి పుడుతుంది, నిజమే. పంజరంలో మర తిరుగుతూ వేరుశెనగ పప్పును ఒత్తుతుంటే ఆ రాపిడికి నూనె వేడిగానే కారుతుంది. గానుగలోనూ వేడి పుడుతుంది, కాకపోతే తక్కువ. కానీ ఆ వేడికి జడిసి కొన్న నూనెనే తెచ్చి, గారెల కోసం బాణలిలో 170 డిగ్రీల దాకా కాస్తాం కదా! ఇక ధర. నూరు కిలోల పప్పులో 48 కిలోల నూనె ఉందనుకుందాం. నూనె తీశాక మిగిలే పిండి చెక్కలో, మరదైతే 7 శాతం, గానుగదైతే 12 శాతం నూనె ఉండిపోతే, మరకు దాదాపు 44 కిలోలు, గానుగకు 41 దిగుతుంది. తేడా మూడు కిలోలే. కూలీ, కరెంటు, తక్కువ సరుకు ఆడటం వల్ల పడే ఖర్చు కలుపుకున్నా, రెట్టింపు ధర చెబితే ఎందుకని అడగాల్సిందే.

అసలు అడగాల్సింది పప్పు గురించి. మేలైన పప్పు విత్తనానికీ, పల్లీ పట్టీలకూ పోతుంది. ముడుచుకున్నవీ, ముక్కలూ, రంగు మారినవీ మిల్లుకు చేరతాయి. బూజు విషం అఫ్లటాక్సిన్ ఎక్కువగా ఉండేది వాటిలోనే. అనంతపురం లాంటి చోట కాయ ఊరే వేళ బెట్ట తగిలితే బూజు భూమిలోనే పడుతుంది. పీకాక సరిగ్గా ఎండకపోతే కుప్పలో పెరుగుతుంది. విషం చాలావరకు చెక్కలోనే ఉండిపోతుంది, నూనెలోకి దిగదంటారు. ఆ మాట నిజమే, కానీ నూనెలో తేలే పిండి నలుసులూ చెక్కే కదా! మడ్డిగా ఉంటేనే అసలు సిసలు నూనె అనుకునేవాళ్ళు మర్చిపోయేది దీన్నే. రెండు మూడు రోజులు తేరనిచ్చి, గుడ్డలో వడగట్టిన నూనే మేలు. అలాంటప్పుడు రిఫైన్డ్ నూనే కొనుక్కోవచ్చుగా అంటే, ఈ ఒక్క విషయంలో కొనుక్కోవచ్చు: క్షారంతో శుద్ధి చేసి, రంగు తీసేటప్పుడు ఆ విషం దాదాపు పోతుంది. దాంతోపాటే పల్లీ వాసనా పోతుంది, ముక్కిన పప్పు ఆడినా పసిగట్టలేం. గానుగ దగ్గరున్న సౌలభ్యం వేరు: రోట్లో పోయకముందు పప్పును చేటలో పోయించి చూడొచ్చు, నల్లబడ్డవి ఏరించొచ్చు. విషానికి వాసన ఉండదు కాబట్టి ముక్కుతో పని తీరదు, కన్నూ చెయ్యీ కావాలి. ఎక్కువ డబ్బు ఇవ్వాల్సింది ఆ ఏరుడు పనికే.

పోనీ, విషం చెక్కలోకి పోయిందని ఊరుకోవడానికీ లేదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చి, ఈ విషం సంగతి బయటపడింది బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశెనగ చెక్క వల్లే. మన దగ్గర ఆ చెక్క గేదెల కుడితిలోకి పోతుంది, అందులోని విషం కొంత రూపు మార్చుకుని పాలలోకి వస్తుంది.