రాజనీతి శాస్త్రంలో మా వాడ ఏ పేపరు కిందికొస్తుంది?

తెలుగులో రాజనీతి శాస్త్ర పరిచయ గ్రంథాలు దాదాపు అన్నీ ఒకే చోట మొదలవుతాయి. ముందు గ్రీకు పదం ‘పోలిస్’. తర్వాత అరిస్టాటిల్ ఈ శాస్త్రానికి పితామహుడనే మాట. ఆపైన, ఈ శాస్త్రం రాజ్యంతోనే మొదలై రాజ్యంతోనే ముగుస్తుందన్న గార్నర్ అభిప్రాయం. రెండో అధ్యాయానికి వచ్చేసరికి రాజ్యానికి నాలుగు లక్షణాలు: జనాభా, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడ్డాక ఇంటర్‌కీ డిగ్రీకీ వచ్చిన పుస్తకాలదీ, ఇప్పటి గ్రూప్స్ గైడ్లదీ ఇదే దారి. ఈ పుస్తకాలు లేకపోతే మాలాంటి మొదటి తరం వాళ్లలో చాలామంది యూనివర్సిటీ గడప తొక్కేవాళ్లే కాదు. కాబట్టి వీటిని తీసిపారెయ్యడం మా వుద్దేశం కాదు. మేం అడిగేది ఒక్కటే. ఈ పుస్తకాన్ని ఖమ్మం జిల్లా బోనకల్‌లో, వూరికి అవతల వున్న వాడలో కూర్చుని చదివితే ఏం కనపడుతుంది? ఆ వాడ ఇందులో ఎక్కడుంది? చివరికెప్పుడో ‘భారత రాజకీయాల్లో సమస్యలు’ అన్న భాగంలో, కులతత్వం, మతతత్వం, ప్రాంతీయతత్వం అన్న వరుసలో కనపడుతుంది. సిద్ధాంతం పేపర్లో మాత్రం దాని జాడ లేదు.

మాటల దగ్గర్నుంచే చూద్దాం. ‘రాజనీతి’ అన్న పేరులోనే రాజున్నాడు. ‘స్టేట్’ అన్నదానికి మనం పెట్టుకున్న తెలుగు మాట ‘రాజ్యం’. రాజు ఏలిన నేలకీ, రాజులేని గణతంత్రానికీ ఒకటే పేరు. బోనకల్ జనం ఆ మాట వాడరు, ‘సర్కారు’ అంటారు. సర్కారోళ్లొచ్చారంటే వచ్చింది ఎస్సై కావచ్చు, గిర్దావరు కావచ్చు. రాజ్యం వేరు, ప్రభుత్వం వేరు. ప్రభుత్వాలు మారతాయి, రాజ్యం శాశ్వతం అని పుస్తకం పదేపదే చెప్తుంది. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న కూడా అదే. కానీ ఈ ప్రాంతం చరిత్ర చూడండి. మధిర తాలూకా నిజాం రాజ్యంలో, వరంగల్ జిల్లాలో వుండేది. కొద్ది మైళ్లు దాటితే బ్రిటిష్ కృష్ణా జిల్లా. 1948లో నిజాం పోయాడు. 1953లో ఖమ్మం జిల్లా అయింది, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ. ఇక్కడ మారింది ప్రభుత్వాలొక్కటే కాదు, 1948లో సార్వభౌముడే మారాడు. మారనిది వూరికీ వాడకీ మధ్యనున్న గీత. శాశ్వతత్వమే రాజ్య లక్షణమైతే, ఆ పేరు నిజానికి దేనికి పెట్టాలి?

ఇది శాస్త్రం కాదు, స్థానిక విషయం అనేవాళ్లున్నారు. శాస్త్రం అందరికీ వర్తించాలి కదా అంటారు. అరిస్టాటిల్ రాసింది తన కళ్లముందున్న నగర రాజ్యాల గురించే. పుట్టుకతోనే కొందరు బానిసత్వానికి తగినవాళ్లని వాదించిందీ ఆ పుస్తకంలోనే. బోదాఁ 1576లో సార్వభౌమాధికారం గురించి రాసింది ఫ్రాన్సు మతయుద్ధాల మధ్య. హాబ్స్ 1651లో రాసింది ఇంగ్లండు అంతర్యుద్ధం చూసి. ఏథెన్సూ పారిస్సూ లండనూ స్థానికం కావుగానీ, 1927లో మహద్ చెరువు దగ్గర జరిగింది మాత్రం స్థానికం! తాగే నీళ్ల మీద హక్కు ఎవరిది, ఆ హక్కుని ఆపే శక్తి ఎవరి చేతిలో వుంది అన్న ప్రశ్న అధికారం గురించి కాక మరి దేని గురించి? అయినా అంబేద్కర్ ‘భారత రాజకీయ ఆలోచన’ అన్న పేపర్లో, మనువుతోనూ కౌటిల్యుడితోనూ మొదలయ్యే జాబితాలో చివర, రాజ్యాంగ నిర్మాతగా మాత్రమే వస్తాడు. మొదటి పేపర్లోని స్వేచ్ఛ, సమానత్వం అధ్యాయాల్లో లాస్కీ వుంటాడు, అంబేద్కర్ వుండడు. కంచ ఐలయ్య బుద్ధుణ్ణి రాజకీయ తత్వవేత్తగా చూపిస్తూ ఇంగ్లీషులో తెచ్చిన పుస్తకం 2000లో వచ్చింది. పాఠ్యపుస్తకాల మొదటి అధ్యాయం మాత్రం ఇంకా గ్రీసులోనే వుంది.

శాఖల విభజన సంగతి ఇంకా ఆసక్తికరం. రాజకీయ సిద్ధాంతం, భారత ప్రభుత్వం-రాజకీయాలు, తులనాత్మక రాజకీయాలు, అంతర్జాతీయ సంబంధాలు, ప్రభుత్వ పాలన. చివరిదాన్నే తీసుకుందాం. వుడ్రో విల్సన్ 1887లో రాసిన వ్యాసంతో మొదలుపెట్టి, మాక్స్ వెబర్ చెప్పిన అధికార యంత్రాంగం లక్షణాలు వివరిస్తారు: పదవి పుట్టుకతో రాదు, అర్హతతో వస్తుంది, జీతం వుంటుంది, పనికి రాతపూర్వక నియమాలుంటాయి. తర్వాత కలెక్టరు, ఆర్డీవో, తహసీల్దారు. మెట్లు అక్కడితో ఆగిపోతాయి. తెలంగాణ పల్లెల్లో ఆ కింద ఇంకా మెట్లుండేవి. పటేలు, పట్వారి, వాళ్ల కింద మస్కూరి, నీరటి, సేత్‌సింది. శిస్తు లెక్క రాసింది పట్వారి. కబురు మోసిందీ, పెద్ద అధికారి దిగితే మూట మోసిందీ, చెరువు తూము కాడ కాపలా వున్నదీ ఈ కిందివాళ్లు. వాళ్లలో ఎక్కువమంది దళితులు, మిగతావాళ్లు వెనుకబడిన కులాలవాళ్లు. సర్కారు వుత్తర్వు వూళ్లోకి వచ్చింది మాదిగ డప్పు మీద. గెజిట్‌లో అచ్చయినంత మాత్రాన వూరికి చట్టం తెలియలేదు, దండోరా వేస్తే తెలిసింది. ఆ పని తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది, చాలాకాలం వెట్టిగానే సాగింది.

వెబర్ చెప్పిన లక్షణాలన్నీ ఈ మెట్టు దగ్గర తలకిందులవుతాయి. దీన్నిబట్టి మేం చెప్పేదేమంటే, రాజ్యం ఆధునికం, కులం సమాజంలో మిగిలిపోయిన పాత జబ్బు అని పుస్తకం గీసిన గీత నిలవదు. రాజ్యం తన అడుగు అంతస్తుని కులం మీదే కట్టుకుంది. పటేల్-పట్వారి వ్యవస్థ 1984లో పోయింది. పైవాళ్లు పోయినా కిందివాళ్లు పేర్లు మార్చుకుంటూ మిగిలారు. గ్రామ రెవెన్యూ సహాయకులుగా గౌరవ వేతనం మీద పనిచేసినవాళ్లని తెలంగాణ ప్రభుత్వం ఇతర శాఖల్లో సర్దింది 2023లో. ప్రభుత్వ పాలన పేపర్లో ఈ చరిత్రకి ఒక్క పేజీ అయినా దక్కాలి కదా. ఇంకో మాట. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ వుద్యమానికి జనం పెట్టుకున్న పేరు దండోరా. సర్కారు కోసం కొట్టిన డప్పే సర్కారు మీదికి మళ్లింది. ఇది రాజకీయ భావన కాదంటే, మరి ఏది?

‘సమన్యాయ పాలన’ అధ్యాయంలో డైసీ వుంటాడు. చుండూరు వుండదు. 1991 ఆగస్టు 6న అక్కడ దళితుల్ని వేటాడి చంపారు. అప్పటికి అత్యాచారాల నిరోధక చట్టం వచ్చి రెండేళ్లు. ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది, హైకోర్టు 2014లో అందర్నీ విడుదల చేసింది. చట్టముంది, కోర్టుంది, తీర్పుంది; హత్యలకి మాత్రం హంతకులు లేకుండా పోయారు. విద్యార్థి ఈ కేసు చదవకుండా చట్టం ముందు సమానత్వం గురించి ఎన్ని పేజీలు రాసినా అది అరువు తెలివే.

ప్రాతినిధ్యం సంగతి బోనకల్‌కి మరీ దగ్గరిది. ఈ మండలం మధిర నియోజకవర్గంలోది. 2008 పునర్విభజనతో మధిర ఎస్సీ రిజర్వుడు అయింది. 2009 నుంచీ అక్కడ గెలుస్తూ వచ్చిన మల్లు భట్టి విక్రమార్క 2023 డిసెంబరులో వుప ముఖ్యమంత్రి అయ్యారు. ఇది చిన్న మార్పేం కాదు. కానీ రిజర్వుడు సీటుకి పుస్తకమిచ్చే వివరణ సీట్ల సంఖ్యతో ఆగిపోతుంది. 1932 పూనా ఒప్పందంలో ప్రత్యేక నియోజకవర్గాలు వదులుకుని వుమ్మడి నియోజకవర్గాలకి ఒప్పుకోవాల్సి వచ్చిందనీ, అందులోనే ముందు దళితులు మాత్రమే వోటేసి నలుగురు అభ్యర్థుల్ని ఎంచుకునే ప్రాథమిక ఎన్నిక పదేళ్ల గడువుతో వుండేదనీ ఎంతమంది విద్యార్థులకి తెలుసు? ఆ మొదటి వడపోత పోయాక అభ్యర్థి వాడవాడైనా గెలుపు వూరి వోట్ల చేతిలో వుంటుంది. ఎవరు గెలిచినా ఈ చిక్కు తప్పదు, దీన్ని వ్యక్తుల మంచిచెడ్డలతో కొలవకూడదు. ప్రతినిధి అంటే ఎవరి మనిషి అన్న ప్రశ్న ఇది, సిద్ధాంతం పేపర్లో వుండాల్సింది.

అదే చూపుని మా లోపలికీ తిప్పాలి. ‘ఎస్సీ’ అన్నది పుస్తకంలో ఒకటే ముద్ద. వర్గీకరణ చట్టం 2000లో వచ్చింది, సుప్రీంకోర్టు 2004లో కొట్టేసింది, 2024 ఆగస్టు 1న అదే కోర్టు రాష్ట్రాలు వర్గీకరించుకోవచ్చంది. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి 59 కులాలు మూడు గ్రూపులు, 1, 9, 5 శాతాలుగా. ముప్పయ్యేళ్లు మాలమాదిగల మధ్య నలిగిన ఈ వాదన సమానత్వం గురించే జరిగింది. సమానులంటే ఎవరు, ఎవరితో సమానం, ఏ లెక్కన? ఇన్ని పేర్లతో ఇన్ని సభల్లో సామాన్య జనం ఈ భావనని తర్కించిన సందర్భం తెలుగునాట తక్కువ. పాఠ్యపుస్తకం దీన్ని రిజర్వేషన్ల వార్తగా చూస్తుంది.

అయితే వూరు-వాడ అన్న మా భావనని కూడా అన్నిచోట్లా పరచలేం. బోనకల్ నుంచి ఖమ్మం దాటి కొత్తగూడెం మీదుగా భద్రాచలం వైపు వెళ్తే అడవి మొదలవుతుంది. కోయ గూడెంలో వూరుకీ వాడకీ మధ్య గీత వుండదు. అక్కడ గీత బయటినుంచి వచ్చి భూమి పట్టినవాళ్లకీ ఆదివాసులకీ మధ్య. ఆ వచ్చినవాళ్లలో మైదానం దళితులూ వున్నారు. ఐదో షెడ్యూలు, 1970 నాటి 1/70 చట్టం, 1996 పెసా చట్టం ఆ నేలని కాపాడాలి. భద్రాచలం డివిజన్‌ని తూర్పు గోదావరి నుంచి ఖమ్మంలో కలిపింది 1959లో. 2014లో పోలవరం ముంపు పేరున 7 మండలాల గ్రామాల్ని మళ్లీ ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చారు. మే నెలలో ఆర్డినెన్సు, జూలైలో పార్లమెంటు చట్టం. ‘నిర్దిష్ట భూభాగం’ అని పుస్తకంలో చదివే లక్షణం ఆ గూడేలకి రెండుసార్లు చేతులు మారింది, వాళ్లని అడగకుండానే. భూభాగం అధ్యాయాన్ని చింతూరు, కూనవరం, వేలేరుపాడు నుంచి వచ్చే పరిశోధకులు రాయాలి. మేం బోనకల్ నుంచి రాయగలిగింది ఇంతవరకే.