చీటీ మీద లేని మాట

తెలుగు కథలో అమెరికా వీసాకి రెండే గతులు. వస్తుంది, లేదా రాదు. వస్తే విమానం, పచ్చళ్ల పార్సిలు, ఆ తర్వాత పుట్టిన ఊరి మీద బెంగ. రాకపోతే తప్పిపోయిన పెళ్లి సంబంధం, కన్సల్టెన్సీ వాడి మోసం. చిలుకూరు బాలాజీ చుట్టూ మొక్కుకునేటప్పుడు 11, మొక్కు తీరాక 108 ప్రదక్షిణలు సరేసరి. వచ్చినట్టూ కాక, రానట్టూ కాక వేలాడే నెలలు మాత్రం ఆ కథల్లో అరుదు. మా పిల్లలు బతికేది ఆ నెలల్లోనే.

హెచ్-1బి ఇంటర్వ్యూ బాగానే అవుతుంది. అధికారి నవ్వుతూనే మాట్లాడతాడు. చివర్లో ఒక చీటీ చేతిలో పెడతాడు. 1952 నాటి అమెరికా వలస చట్టంలో 221(జి) అనే సెక్షను. 'అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్' అంటాడు. చట్టం లెక్కలో అది తిరస్కారమే. వెబ్‌సైట్లో చూసుకుంటే 'రెఫ్యూజ్డ్' అనే ఉంటుంది. అయినా ఆగమంటారు. ఎన్నాళ్లో చెప్పరు, ఎందుకో చెప్పరు. ఈ మాటని సాహిత్య విమర్శకులు ఒకసారి విప్పి చూడాలి. ఇందులో కర్త లేడు. ప్రాసెసింగ్ జరుగుతోంది సరే, జరుపుతున్నదెవరు? మా ఊరి తాసీల్దారాఫీసు గుమాస్తా 'ఫైలు పైకెళ్లింది' అన్నప్పుడు పైన ఎవరున్నారో కనీసం తెలిసేది.

ఈ చీటీ ముస్లింలకే ఇస్తారని మేం అనడం లేదు. రెడ్డిగారబ్బాయికీ ఇస్తారు, శర్మగారమ్మాయికీ ఇస్తారు. క్లయింటు లెటరు లేదనో, చేసే పని సున్నితమైన టెక్నాలజీకి సంబంధించిందనో ఇస్తారు. తేడా చీటీ అందుకున్నాక మొదలవుతుంది. వాళ్లు ఏ కాగితం తగ్గిందా అని వెతుక్కుంటారు. మేం మా పేరు వంక చూసుకుంటాం. కారణం చెప్పని రాజ్యం ఆ కారణాన్ని మా చేతే మా ఒంటి మీద వెతికిస్తుంది. 2002లో అమెరికా ప్రత్యేక రిజిస్ట్రేషన్ పెట్టినప్పుడు 25 దేశాల జాబితా తయారైంది. ఉత్తర కొరియాని మినహాయిస్తే దాదాపు అన్నీ ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాలే. ఇండియా లేదు. 2017 జనవరిలో ఏడు దేశాల మీద నిషేధం పెట్టారు. అందులోనూ ఇండియా లేదు. కానీ 2009 ఆగస్టులో నెవార్క్ విమానాశ్రయంలో షారుఖ్ ఖాన్‌ని ఆపి ప్రశ్నించారు. జాబితాలో దేశం లేకపోతే మాత్రం ఏం, పేరుంటుందిగా!

ఏం పేర్లండీ మావి? షేక్ అన్న మాటకి బడిలో పంతులు ఒక స్పెల్లింగు రాస్తాడు, పాస్‌పోర్టులో ఇంకొకటి పడుతుంది. మహమ్మద్ ఒక చోట మహమ్మద్, ఇంకో చోట ఎండీ. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, వీసా మీద అసలు పేరు ఇంటిపేరు గడిలోకి జరిగి, దాని స్థానంలో 'ఎఫ్‌ఎన్‌యూ' అని అచ్చవుతుంది. అంటే మొదటి పేరు తెలియదు అని! చెవిలో అజాన్ చెప్పి పెట్టిన పేరుకి దక్కే మర్యాద ఇది. మస్తాన్, నాగూర్, సైదులు. కసుమూరు, నాగూరు, జాన్‌పహాడ్ దర్గాలకి మొక్కుకుంటే పుట్టిన బిడ్డల పేర్లు. సైదులు అనే పేరు నల్గొండ వైపు హిందువులకీ ఉంది. ఏ కంప్యూటరుకి చెప్తాం ఈ సంగతి?

ముస్లిం కథకులు గల్ఫ్ వీసా గురించి బాగానే రాశారు. ఏజెంటు, కఫీలు, ఏళ్ల తరబడి మొగుడి ఉత్తరం కోసం చూసే ఇల్లాలు. అమెరికా వెళ్లబోయే ఇంజనీరు వాళ్లకి కొంచెం బలిసినవాడిలా కనిపించాడేమో. రిలీవింగ్ లెటరు తీసేసుకుని, 'ఎప్పుడు ప్రయాణం?' అని అడుగుతారని జుమ్మాకి వేరే మొహల్లా మసీదుకి పోయేవాడి గురించి ఎవరు రాస్తారు? చెల్లెలి నిఖాకి వచ్చి స్టాంపింగులో ఇరుక్కుపోయి, డల్లాస్‌లో ఖాళీ ఇంటికి అద్దె కడుతున్నవాడి గురించి?

2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్లందరూ సోషల్ మీడియా ఖాతాలు తెరిచి ఉంచాలన్నారు. ఎన్నో ఇంటర్వ్యూలు నెలల తరబడి వెనక్కి జరిగాయి. తెలుగు పత్రికలు కలవరపడ్డాయి. 'మా పిల్లలు ఏం తప్పు చేశారు?' అని తల్లిదండ్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఇన్నాళ్లూ దాన్ని మేం ఒక్కళ్లమే అడుగుతుంటే, ఏదో ఉండే ఉంటుందిలే అని ఊరుకున్నది మాత్రం మాకు గుర్తుంది.

కథ కావాలంటే డీఎస్-5535 ఫారం చదవండి. 2017లో వచ్చింది. అధికారికి ఇంకా సమాచారం కావాలనిపించినవాళ్లకి ఇస్తారు. గడచిన 15 ఏళ్లలో ఉన్న ఇళ్ల చిరునామాలన్నీ రాయాలి. 'ముస్లింలకి ఇవ్వం' అంటే మారిన గదులూ, పేరు విన్నాక అడ్వాన్సు వెనక్కిచ్చిన ఓనర్లు పోగా దొరికిన గదులూ అన్నీ వరసగా రాయాలి. అన్ని ఇళ్లెందుకు మారావని అధికారికి అనుమానం రావచ్చు. ఎందుకు మారామో రాసే గడి మాత్రం అందులో లేదు. 15 ఏళ్ల ప్రయాణాలు రాయాలి, వాటికి డబ్బెక్కడిదో రాయాలి. అమ్మీని ఉమ్రాకి తీసుకెళ్లిన ఖర్చు కూడా. అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా పేర్లు రాయాలి. అబ్బా భయపడి, కొడుకు ఫేస్‌బుక్‌లో పెట్టిన ఉర్దూ షేర్ తీసేయమంటాడు. అది ప్రేమ గురించే. ఉర్దూ లిపిలో ఉంది కదా అంటాడు.

తోబుట్టువుల పేర్లూ పుట్టిన తేదీలూ కూడా రాయాలి. దూదేకుల ఇంట్లో అయిదుగురు పిల్లలుంటే అయిదుగురికీ తేదీలు పెట్టింది హెడ్మాస్టరే. దాదాపు అందరూ జూన్, జులై నెలల్లోనే పుట్టారు. సర్టిఫికెట్ల లెక్కన పెద్దక్కకీ నడిపి అన్నకీ మధ్య పదమూడు నెలలు, నడిపి అన్నకీ వీడికీ మధ్య ఆరే నెలలు. నిజం రాస్తే సర్టిఫికెట్టు అబద్ధమవుతుంది. సర్టిఫికెట్టులో ఉన్నది రాస్తే అమ్మీ ఆరు నెలల్లో ఇద్దర్ని కన్నదవుతుంది. హెడ్మాస్టరు పోయి చాలా ఏళ్లయింది.