హైకూ లెక్క: అక్షరమా? మాత్రా?

ఇస్మాయిల్ ‘కప్పల నిశ్శబ్దం’ వంటి సంపుటాలతో తెలుగులో హైకూ స్థిరపడింది. దానితోపాటు 5-7-5 అనే సంఖ్య కూడా వచ్చింది. మూడు పాదాలకు 17 అక్షరాలు నియమమని కొందరు పాటించారు, మరికొందరు లెక్కను వదిలి దృశ్యాన్నే పట్టుకున్నారు. అసలు ఆ సంఖ్య వేటిని లెక్కిస్తున్నదో జపనీస్‌ను ఉన్నతస్థాయిలో చదివినవారికి తేటపడుతుంది.

జపనీస్ ఛందస్సు లెక్కించేది మన అక్షరాన్ని కాదు. అక్కడ దీర్ఘానికి రెండు, హ్రస్వానికి ఒకటి. పొల్లు ‘న్’ విడిగా ఒకటి, ద్విత్వంలోని మొదటి హల్లు మరొకటి. ‘నిప్పొన్’ అన్న దేశనామం వారికి ని-ప్-పొ-న్ అని నాలుగు. మన గురులఘు గణనలోనూ రెండు గురువులు, నాలుగు మాత్రలే. అక్షరాలుగా చూస్తే రెండు. పూర్తి సామ్యం ఉందనలేము. ‘క్యో’ వంటి సంయుక్తం జపనీస్‌లో ముందరి హ్రస్వాన్ని గురువు చేయదు. అయినా అక్షరం కన్నా మాత్రే ఆ లెక్కకు చేరువ. (రెండు భాషలకూ బంధుత్వం ఉన్నదని దీని అర్థం కాదు. ఓనో సుసుము తమిళ-జపనీస్ వాదాన్ని భాషావేత్తలు అత్యధికులు అంగీకరించలేదు.)

ఉమ్మడి నల్లగొండ ఊళ్ల పేర్లతోనే పరీక్షిద్దాం. కోదాడలో మూడక్షరాలు, ఐదు మాత్రలు. సూర్యాపేటలో నాలుగక్షరాలు, ఏడు మాత్రలు. మిర్యాలగూడలో ఐదక్షరాలు, ఎనిమిది మాత్రలు. అక్షరాలు లెక్కించే కవికి మొదటి పాదంగా మిర్యాలగూడ సరిపోతుంది. మాత్రలు లెక్కిస్తే ఆ చోటు కోదాడది, రెండవ పాదం సూర్యాపేటది. పదిహేడక్షరాల తెలుగు హైకూ మూలంకన్నా బరువెక్కడానికి ఇదొక కారణం.

పొరపాటు ఆంగ్లం మీదుగా వచ్చింది. అక్కడి ‘సిలబుల్’ను మనం అక్షరం అనుకున్నాము. ఈ ఊళ్లనుండి హైదరాబాదు ఇఫ్లూకు వెళ్లి జపనీస్ చదివే విద్యార్థి కూడా వ్యాకరణ వివరణలను ఎక్కువగా ఆంగ్లంలోనే అందుకుంటాడు. బడిలో గణవిభజన చేసిన చేతికి ఆ మెట్టు అవసరం లేదు. ‘నేను చదివిన పుస్తకం’ వంటి విశేషణ వాక్యం జపనీస్‌లోనూ అదే వరుసలో నడుస్తుంది. ఆంగ్లంలోకి వెళ్లగానే తలకిందులవుతుంది.

జె.ఎల్.పి.టి.లో పై మెట్టయిన ఎన్‌1 దాటినా చిక్కు తీరదు. ఆ పరీక్ష ప్రధానంగా ఆధునిక భాషకు సంబంధించినది, బాషో రాసినది ప్రాచీన వ్యాకరణంలో. ఆయన కప్ప హైకూ మొదటి పాదాంతంలోని ‘యా’ విరుపును సూచించే నిపాతం. ఆంగ్లంలో అది తరచు గీతగానో ఆశ్చర్యార్థకంగానో మారింది. తెలుగు అనువాదకుడికి విరామచిహ్నమే శరణ్యం కాదు. ‘ఏ’, ‘ఓ’ వంటి నిపాతాలు మనకూ ఉన్నాయి. వాటిలో ఏది ఆ విరుపును మోయగలదో పాదం పాదంగా చూడవలసి ఉంది.