జపాన్ అల్ట్రా వీరగాథల్లో సిలువ: ప్రతీకార్థ పరిణామం

జపాన్ మహాకాయ వీరుల కథల్లోని సిలువను క్రైస్తవ ప్రతీకగా గుర్తించినంత మాత్రాన విమర్శ పూర్తి కాదు. కథలో అది నిర్వహించే ప్రయోజనాన్ని పరిశీలించవలసి ఉంది. త్సుబురాయ సంస్థ నిర్మించిన రెండు టెలివిజన్ ధారావాహికలు ఇందుకు తగిన ఉదాహరణలు.

‘అల్ట్రాసెవెన్’ (1967–68)లో గట్స్ గ్రహవాసులు వీరుణ్ణి ఓడించి, స్ఫటిక సిలువలో బంధించి, మానవుల మనోధైర్యం సడలేటట్లు బహిరంగంగా ప్రదర్శిస్తారు. జపాన్ చరిత్రకు సిలువ దండన అపరిచితం కాదు. 1597లో నాగసాకిలో 26 మంది క్రైస్తవులు ఆ దండనకే గురయ్యారు. కనుక ఈ దృశ్యాన్ని సువార్తతో మాత్రమే ముడిపెట్టడం అసమగ్రం. ‘అల్ట్రామాన్ ఏస్’ (1972–73)లో సువార్త ఛాయ స్పష్టతరం. అక్కడ గ్రహం పేరే గొల్గొతా. నలుగురు సోదరులు తమ శక్తిని ఏస్‌కు ధారపోసి, తాము సిలువ పాలవుతారు.

అయితే ఈ రెండింటిలోనూ పాపవిమోచన ప్రసక్తి లేదు. సెవెన్‌ను పునరుజ్జీవింపజేసేది భూరక్షకదళం ప్రసరింపజేసిన కాంతిశక్తి. సోదరుల త్యాగంతో బ్రతికిన ఏస్ తిరిగి వెళ్లి వారిని విడిపిస్తాడు. రక్షణ పొందినవారే రక్షకులను రక్షించడం ఈ కథల విశిష్టత. సిలువ ఇక్కడ విమోచన చిహ్నంగా కాక, పరస్పర ఋణానికి ప్రతీకగా పరిణమించింది. ఈ పరిణామాన్ని గుర్తించని వ్యాఖ్యానం దానిని అనుకరణగానో అలంకారంగానో పొరబడుతుంది.