మంచుపై నృత్యము - మార్కులపై వివాదము

పరుగు పందెమున ముందుగా గీటు దాటినవాడు గెలిచినవాడు. బరువులెత్తు పోటీలో ఎక్కువ బరువు నెత్తినవాడు గెలిచినవాడు. ఇందు వాదమునకు తావు లేదు. గడియారమును త్రాసును సాక్ష్యము చెప్పును. కాని ఆటయు నాట్యమును కలసిన పోటీలు కొన్ని గలవు. వానికి మనుష్యులే త్రాసులు. ఉక్కు బ్లేడులు బిగించిన బూట్లు తొడిగి, మంచు పరచిన రంగముపై సంగీతమునకు అనుగుణముగా జారుచు, ఎగురుచు, గిరగిర తిరుగుచు ప్రదర్శించు ఫిగర్ స్కేటింగ్ అట్టిది. మనలో పెక్కురు దీనిని టెలివిజనులో మాత్రమే చూచియుందురు. అయినను దాని తీర్పులను గూర్చి రేగిన వివాదము మనకును పనికివచ్చునది గావున ఇచ్చట ముచ్చటింప బూనితిమి.

2002 ఫిబ్రవరిలో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో శీతకాల ఒలింపిక్ క్రీడలు జరిగినవి. స్త్రీపురుషులు జంటగా పాల్గొను పోటీలో రష్యా జంట ఎలీనా బెరెజ్నాయా, ఆంటన్ సిఖరులిజేలును, కెనడా జంట జేమీ సాలే, డేవిడ్ పెల్టియేలును అగ్రస్థానమునకు పోటీపడిరి. రష్యావారు మాసెనే రచించిన ‘థాయిస్’ సంగీతనాటకములోని ‘మెడిటేషన్’ అను భాగమునకు నర్తించిరి. కెనడావారు ‘లవ్ స్టోరీ’ చలనచిత్ర సంగీతమును గైకొనిరి. డబుల్ ఆక్సెల్ అను దుముకు నుండి దిగునపుడు సిఖరులిజే తడబడెను. కెనడావారు పొరపాటు లేక ముగించిరి. తొమ్మండుగురు న్యాయనిర్ణేతలలో ఐదుగురు రష్యాకును నలుగురు కెనడాకును ప్రథమస్థానము నిచ్చిరి. ప్రేక్షకులు తీర్పు విని గేలిచేసిరి.

తీర్పును మాత్రమే చూచినచో అది తప్పని చెప్పుట కష్టమని మా అభిప్రాయము. రష్యావారి కూర్పు క్లిష్టమైనది. ఒక విన్యాసమునుండి మరియొకదానికి పోవునపుడు వట్టి జారుడు కనబడదు. చేతులును చూపును సంగీతమును ఒక్కటిగా సాగినవి. కెనడావారిది హృద్యమైన ప్రదర్శన. అయినను అది వారు అంతకుముందు సంవత్సరములలో చేసి ఆరితేరినదే. క్లిష్టరచనలో చిన్న లోపము మన్నింపదగినదా, సులభరచనలో నిర్దోషత్వము మెచ్చదగినదా? మన సంగీత సభలలోను ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కఠినమైన పల్లవిని చేపట్టి ఒకచోట తాళము తప్పిన గాయకుని పక్షమున కొందరు, తెలిసిన కీర్తనను తప్పులేక పాడినవాని పక్షమున కొందరు వాదింతురు. ఇరువురును నిజాయితీపరులే కావచ్చును. అభిప్రాయభేదము నేరము కాదు.

నేరమన్న మాట వేరొక కారణమున వచ్చినది. తమ దేశపు స్కేటింగ్ సమాఖ్యాధిపతి తనపై ఒత్తిడి తెచ్చెనని ఫ్రాన్సు న్యాయనిర్ణేత మొదట చెప్పి, పిదప ఆ మాటను మార్చుకొనెను. ఇచ్చట రష్యాకు ఓటు, ఐస్ డాన్స్ పోటీలో ఫ్రాన్సు జంటకు ఓటు - ఇదియే ఒప్పందమని ఆరోపణ. అధిపతి దానిని నిరాకరించెను. నాలుగు దినములలో కెనడా జంటకును స్వర్ణపతకము ప్రకటించిరి. రష్యావారి పతకము వారికే యుండెను. పిదప అంతర్జాతీయ స్కేటింగ్ సంఘము ఆ యిరువురిని మూడేండ్లు బహిష్కరించెను. ఇందు రెండు జంటలును నష్టపోయినవి. కెనడావారికి పతకము ఆలస్యముగానైన దక్కెను. ఏ పాపము నెరుగని రష్యా జంటకు మాత్రము నిష్కళంకముగా గెలిచితిమను తృప్తి మరల దక్కునా?

2004లో, ఆరు మార్కులు గరిష్ఠముగా గల పాత పద్ధతిని తొలగించిరి. ప్రతి దుముకునకును తిరుగుడునకును మూలవిలువ నిర్ణయించి, చేసిన తీరును బట్టి దానికి కలుపుటయు తీసివేయుటయు ఏర్పరచిరి. అందరిలో హెచ్చు మార్కును తగ్గు మార్కును వదలి సగటు కట్టిరి. ఇది మంచి మార్పు. కాని ఒత్తిడి తప్పింప వలెనని, ఎవరు ఏ మార్కు వేసిరో తెలియకుండ న్యాయనిర్ణేతల పేర్లను మరుగుపరచిరి. ఇది మాకు రుచింపలేదు. మేము గుమాస్తా కొలువులో జీవితము గడపినవారము. ఫైలులో వ్రాసిన ప్రతి నోటు క్రిందను కనీసము పొట్టి సంతకమైనను ఉండవలెను. సంతకము లేనిచోట బాధ్యత యుండదు.

ఫలితమును అట్లే యున్నది. ఆర్థికశాస్త్రజ్ఞుడు ఎరిక్ జిట్జెవిట్జ్ లెక్కలు కట్టి చూడగా, పేర్లు దాచిన పిదప స్వదేశ పక్షపాతము తగ్గకపోగా కొంత పెరిగెనని తేలినది. 2014లో సోచి ఒలింపిక్ క్రీడలలో రష్యా యువతి అడెలినా సోట్నికోవా 224.59 మార్కులతో, కొరియాకు చెందిన కిమ్ యునా 219.11 మార్కులతో నిలిచిరి. కొరియావారు ఫిర్యాదు చేసిరి, అది కొట్టివేయబడెను. ఎవరు ఏ మార్కు వేసిరో లోకమునకు తెలియదు. తీర్పు సరియైనదే యైనను, దానిని నిరూపించు దారి మూసియుండుటచే గెలిచిన యువతికే అనుమానము అంటుకొనెను. 2016లో ఈ గోప్యతను ఎత్తివేసిరి. అయినను న్యాయనిర్ణేతలను ఆయా దేశముల సమాఖ్యలే ప్రతిపాదించుచున్నవి. కూర్పు, ప్రదర్శన, నైపుణ్యము అను మూడింటికి నేటికిని మనుష్యుని మనస్సే కొలత.

మనస్సుతో కొలుచుట దోషమని మేమనము. కళకు వేరు కొలత లేదు. కొలిచినవాడు తన పేరు చెప్పవలెను, కారణము చెప్పవలెను, తనవారు పోటీలో నున్నపుడు తప్పుకొనవలెను. ఈ మూడును లేనిచో ఎన్ని దశాంశములు వేసినను ప్రయోజనము లేదు.

ఇది మన సంఘములకును వర్తించును. తరతరములుగా పరరాష్ట్రములలో స్థిరపడిన మన యిండ్లలో పిల్లలు కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో బడిలో చదువుచు, అమ్మమ్మ చెప్పగా విని తెలుగు పద్యము వల్లింతురు. ఉగాదికి వేదిక యెక్కుదురు. బహుమతి పెద్దల బంధువులకే పోయెనను గుసగుస ఒక్కటి పుట్టినచో, ఆ బిడ్డ మరుసటి యేడు రాదు. ఆ యింట పద్యము ఆగిపోవును. కావున పద్యపఠనమునకు మార్కులు వేసిన కాగితమును వేసినవారి పేరుతో సహా గోడకు అంటింపుడని కార్యదర్శులకు మనవి చేయుచున్నాము. ఓడిన బిడ్డను దగ్గరకు పిలిచి, “ఈ పాదమున ఒత్తక్షరము తేలిపోయినది, ఈ పాదమును చక్కగా చదివితివి” అని రెండు మాటలు చెప్పుడు. తన మార్కు ఎందుకు తగ్గెనో తెలిసిన బిడ్డ ఆ పద్యమునే దిద్దుకొని మరల వచ్చును.